పోగు తెగిందమ్మా

కాదు, మా అవ్వను అర్థం చేసుకోమని నాకు చెప్పకండి. అర్థమైంది కాబట్టే ఈ కోపం. మొన్న ఆదివారం మా స్నేహితుడి మేడ మీద తెల్లదుప్పటి కట్టి ఆ ఫ్రెంచి సినిమా చూశాక కూడా అందరిదీ ఇదే పాట. ఆ సినిమా పేరు పలకడం నాకు రాదు, కథ మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. సముద్రం ఒడ్డున చలి ఊరు. అక్కాచెల్లెళ్లిద్దరే ఉండే పెద్ద ఇల్లు. చెల్లెలు ఎక్కడున్నదీ తెలియాలని అక్క ఆమె గౌను అంచుకు చిన్న చిన్న గజ్జెలు కుడుతుంది. పడవలు బాగుచేసే ఒకడి మీద మనసుపడి చెల్లెలు ఆ గజ్జెల్లో మైనం కూరి, చప్పుడు కాకుండా బయటికి పోతుంది. దొరికిపోయాక అక్క కొట్టదు, తిట్టదు. ఆ మైనాన్ని ఒక్కో ముక్కా తీసి ఆమె చేతే తినిపిస్తుంది. చివరికి ముసలితనంలో మంచాన పడి, అక్కే గజ్జెలన్నీ కత్తిరించి పారేస్తుంది. ఆ నిశ్శబ్దంలో చెల్లెలికి నిద్ర పట్టదు. పారేసిన గజ్జెల్ని ఏరుకొని, సూదీదారం తీసుకొని మళ్లీ కుట్టుకుంటుంది. ఈసారి గౌనుకు కాదు, చీలమండ దగ్గర తన చర్మానికి. సినిమా అయిపోయింది, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత మాటలు మొదలయ్యాయి. ఒకాయన, "పెద్దామె ఒంటరితనం కూడా చూడాలండీ" అన్నాడు. ఒకామె, "ఇంత ఘోరం మన దగ్గర ఉండదు, మన ఇళ్లల్లో ప్రేమ ఎక్కువ" అంది. నేను ఫోన్‌లోంచి తల ఎత్తాను. మా అవ్వ ఎవరికీ గజ్జెలు కుట్టలేదు, ఆమెకు ఆ అవసరం రాలేదు, మా ఇంట్లో మగ్గం ఉంది అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పట్నంలో పెరిగిన పిల్లని. మా బాపు తన చిన్నప్పుడే మగ్గం వదిలేసి హైదరాబాద్ వచ్చి బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో, నా పదో తరగతి పరీక్షలు అయిపోయాక, కిరాయి ఇల్లు మారే గొడవలో నన్ను నల్గొండ వైపున్న మా ఊళ్లో, బాపు తల్లి అయిన మా అవ్వ దగ్గర దింపి వచ్చారు. పరీక్షలకు ముందు పోరాడి కొనిపించుకున్న ఫోన్ నా చేతిలో ఉంది. ఆ ఇంట్లో సిగ్నల్ దొరికే చోటు ఒకటే, మగ్గం గది గుమ్మం. అందుకే ఆ ఎండాకాలమంతా నేను ఆ గుమ్మంలోనే కూర్చున్నాను. సిగ్నల్ కోసం కూర్చున్నదాన్ని, చూడకూడనివన్నీ చూశాను.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తెల్లవారుతుండగానే వీధి పొడుగునా నూలు పరిచి గంజి పట్టించేవాళ్లు, ఎండ ఎక్కేసరికి ఆ గంజి పుల్లగా వాసన వచ్చేది. వెనక సందులో రంగు ఉడుకుతున్న వాసన. రంగు అంటకూడని చోట నూలుకు చుట్టే రబ్బరు ముక్కల వాసన. వీటన్నిటి మీదా అవ్వ నమిలే తంబాకు వాసన. పొద్దున జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు. మధ్యాహ్నం అన్నం, పచ్చిపులుసు. అవ్వకు అన్నీ వేళకు జరగాలి. చాయ్ గ్లాసు కింద పెడుతూనే మగ్గం గది బయట నులకమంచం మీద ఒరిగేది. కళ్లు మూసుకునేది. చూసినవాళ్లు పడుకుందనుకుంటారు. పడుకోదు, వింటుంది.

వినేది మా అండాలత్తను. బాపుకు చెల్లెలు, అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. చిన్న వయసులోనే పెళ్లి చేశారు. ఆ మొగుడు బొంబాయి దగ్గరి భీవండి మిల్లులకు పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. అవ్వ బిడ్డను ఇంటికి తెచ్చుకుంది కానీ ఆ పెళ్లిని తెంపనియ్యలేదు. మెట్టెలు తియ్యనియ్యలేదు. "పెండ్లైన పిల్ల, గట్లనే ఉంటది" అనేది, గోడకు కొట్టిన మేకు గురించి చెప్పినట్టు. ఇక అత్త ఉండే చోటు ఒకటే, గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చొని నెయ్యాలి. నడుము దాకా మనిషి పైన ఉంటుంది, కింద సగం భూమిలో ఉంటుంది. దారం మోసే నాడె ఈ వైపు నుంచి ఆ వైపుకు ఉరికినప్పుడల్లా టక్కు, నేత బిగించే పలక కొట్టినప్పుడల్లా దబ్బు. ఆ చప్పుడు ఇల్లంతా నిండేది. నేల కూడా చిన్నగా అదిరేది. అది నడుస్తున్నంతసేపూ అండాలత్త ఎక్కడుందో అవ్వకు తెలుసు. ఆగిందంటే చాలు, కళ్లు తెరవకుండానే కేక.

"ఏమే అండాలూ! ఏమైందే?"

"పోగు తెగిందమ్మా!"

మగ్గం ఆగడానికి ఆ ఇంట్లో చెల్లే కారణాలు రెండే. పోగు తెగితే ముడి వెయ్యాలి, నాడెలో దారం చుట్టిన కండె అయిపోతే ఇంకోటి పెట్టాలి. అలసిపోవడం కారణం కాదు. కిటికీలోంచి చూడటం కారణం కాదు. ఏడవడం అసలే కాదు. ఒకసారి అత్త చేతులు ఒళ్లో పెట్టుకొని ఊరికే గోడను చూస్తోంది, కేక పడింది, "పోగు తెగిందమ్మా" అంది. నేను వంగి చూశాను. ఒక్క పోగూ తెగలేదు. అత్త నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. అలా మేమిద్దరం దోస్తులమయ్యాం.

నూలుకు రంగులద్దే యాదగిరి అని ఒకడుండేవాడు. భార్య చనిపోయింది. మోచేతుల దాకా నీలం, కడిగినా పోదు. రంగేసిన నూలు చిలపలు కట్టలుగా ఇంటింటికీ మోసుకొచ్చేవాడు. మిగతావాళ్లు వస్తే మగ్గం మీది గుడ్డను చూసి మాట్లాడేవాళ్లు. ఇతను అత్త మొహం చూసి మాట్లాడేవాడు. పెద్ద మాటలేమీ కాదు. "తిన్నవా అండాలూ?" అంతే. ఆ ఇంట్లో అందరికీ వండి, అందరికీ పెట్టి, చివర్లో గిన్నె ఊడ్చుకొని తినే మనిషిని అలా అడిగినవాడు అతనొక్కడే. అతను వచ్చివెళ్లిన రోజు మగ్గం చప్పుడు మారిపోయేది. నాకే తెలిసిపోయేది, ఇక అవ్వకు తెలియదా? "ఏందే, ఎగురుతున్నట్టు నేస్తున్నవ్? జర నిమ్మళంగ" అనేది మంచం మీది నుంచి. ఆమెవి చెవులు కావు, వేళ్లు, ఆ చప్పుడును తడిమి చూసేవి.

ఉపాయం నాదే. మగ్గం చప్పుడు నా ఫోన్‌లో రికార్డు చేశాను, మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టాను. ఫోన్‌ను ఇత్తడి చెంబులో నిలబెడితే చప్పుడు గదంతా మోగింది. అత్తకు నవ్వాగలేదు, చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఓ పోరీ, ఇది నాకంటె మంచిగ నేస్తుంది గదనే!"

"నువ్వు పో అత్తా. నేనిక్కడ కూసుంట."

"యాడికి పోవాలె?"

అన్నేళ్లుగా పోవాలని ఉండి, ఎక్కడికో మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. మొదటిసారి పెరటి తలుపు తీసి సందులోకి వెళ్లి నిలబడి వచ్చింది, అంతే. తర్వాత రంగులు ఉడికించే పాక దాకా వెళ్లింది. వచ్చినప్పుడు చెంప మీద రంగు లేదు, ఏమీ లేదు, కానీ ఆ మొహం చూస్తే నాకే సిగ్గేసింది. ఆ తర్వాత ఒకరోజు, నూలుకు ముడి వేస్తూ తల ఎత్తకుండా, "యాదగిరి సినిమాకు రమ్మంటున్నడే" అంది. ఊళ్లో అప్పటికి టాకీసు ఒకటుంది, నాలుగు వీధుల అవతల. అత్త లోపలికెళ్లి చూడలేదు. మా ఇంటి గోడ మీద వాళ్లు అతికించే పోస్టర్లే ఆమె చూసిన సినిమాలు.

మ్యాట్నీకి వెళ్లింది. నేను చెంబులో ఫోన్ పెట్టి గుమ్మంలో కూర్చున్నాను. బయట అవ్వ ఒరిగి ఉంది. టక్కు, దబ్బు. టక్కు, దబ్బు. అంతా బాగానే ఉందనుకున్నాను, ఎందుకంటే నేను పట్నం పిల్లని. నా లెక్కలో ఆగకుండా నడవడమే మంచి మగ్గం. చాలాసేపటికి బయట మంచం కిర్రుమంది. అవ్వ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఖాళీ మగ్గాన్ని చూసింది, చెంబును చూసింది.

"నూలు మీద నడిచే మగ్గమైతే గింతసేపట్ల ఒక్క పోగన్న తెగదానే? కండెన్న అయిపోదా?" అంది.

అరవలేదు. చెంబులోంచి ఫోన్ తీసింది, అటూ ఇటూ తిప్పి చూసింది, పక్కనే ఉన్న గంజి కుండలో వేసింది. చప్పుడు కాసేపు గంజిలోంచి గుడగుడమని వచ్చి ఆగిపోయింది. నా ఫోన్! కానీ నేను చెప్పేది దాని గురించి కాదు.

అవ్వ చెంగు తల మీదికి లాక్కొని టాకీసుకు నడిచింది. నేను ఏడుస్తూ వెనక పరిగెత్తాను. గేటు దగ్గరివాడు "ఏందమ్మా, టికెట్?" అంటే, "నా బిడ్డ లోపటున్నది" అని తోసుకొని వెళ్లింది. లోపల కటిక చీకటి, తెర మీద పాట. ఆమె ఎవరినీ వెతకలేదు. వెతకాల్సిన అవసరం తనకు లేదని ఆమెకు తెలుసు. నడవా మధ్యలో నిలబడి, ఇంట్లో మంచం మీది నుంచి రోజూ పిలిచే ఆ గొంతుతోనే పిలిచింది.

"ఏమే అండాలూ! ఏమైందే?"

చీకట్లో ఎక్కడో మూల నుంచి, క్షణం కూడా ఆగకుండా జవాబొచ్చింది.

"పోగు తెగిందమ్మా!"

హాలు హాలంతా నవ్వింది. ఈలలు వేశారు. ఎవడో "ముడెయ్యే, ముడెయ్యే!" అని అరిచాడు. నేతగాళ్ల ఊరు కదా, ఆ మాట ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. నవ్వులో అత్త లేచి నిలబడింది. తెర వెలుగులో ఆమె మొహం చూశాను. దొరికిపోయిందనే భయం లేదు ఆ మొహంలో. తన నోటిని తానే నమ్మలేనట్టు, పెదాల మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. పక్క కుర్చీలో యాదగిరి లేవలేదు. చూపు తెర మీదినుంచి తిప్పలేదు. అవ్వను ఎంత తిట్టినా ఇతని వంతు ఇతనికుంది, అది కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను. ఆ ఏడే ఊరు విడిచి వెళ్లి ఇంకో పెళ్లి చేసుకున్నాడట.

అవ్వ అత్త మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ముందు అవ్వ, వెనక అత్త, ఆ వెనక నేను, నాలుగు వీధులు నడిచి ఇంటికొచ్చాం. అత్త నేరుగా వెళ్లి గుంటలో కాళ్లు దించింది. అవ్వ తన నులకమంచాన్ని గది లోపలికి, మగ్గం పక్కకే జరిపించుకుంది. సినిమాలో ఆ అక్క మైనం తినిపిస్తున్నప్పుడు మేడ మీద అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు, ముందే చూశాను కాబట్టి. తర్వాతి వారం బాపు వచ్చి తల వంచుకొని నా బట్టలు సర్దాడు. "నువ్వన్న ఒక మాట అను బాపూ" అంటే, "అమ్మ గదా బిడ్డా" అన్నాడు. మేం బస్టాండుకు పోతుంటే మా వీధి పిల్లలు మా ఇంటి ముందు నిలబడి ఒకడు "ఏమైందే?" అని, మిగతా అందరూ "పోగు తెగిందమ్మా" అని ఆడుకుంటున్నారు. లోపల మగ్గం నడుస్తూనే ఉంది.

ఆ తర్వాత నేను ఊరికి పోవడం తగ్గించేశాను. పోయినా గంటలో లేచొచ్చేదాన్ని. మేడ మీద సినిమా చూసిన మూడోనాడు మాత్రం బస్సెక్కాను. ఎందుకంటే సరిగ్గా చెప్పలేను. ఆ సినిమా ఫోన్‌లో వేసుకొని వెళ్లాను. టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాలు. వీధిలో గంజి వాసన లేదు, చాలా ఇళ్లల్లో గుంటలు పూడ్చి టైల్స్ వేసుకున్నారు. మా ఇంట్లో మగ్గం ఉంది. అత్త జుట్టు సగం తెల్లబడింది. అవ్వకు చెవులు పూర్తిగా పోయాయి. ఆ సంగతి బాపు చెప్పినప్పుడు, నిజం చెప్తున్నాను, నేను సంతోషపడ్డాను. ఇక ఏదీ వినబడదు కదా అనుకున్నాను. వెళ్లి చూస్తే, ఆమె మంచం దిగి మగ్గం పక్కన చాప మీద కూర్చొని ఉంది. కుడి అరచెయ్యి నేల మీద పరిచి ఉంది. మొదట నాకు అర్థం కాలేదు. నన్ను చూసి అత్త మగ్గం ఆపింది. నేల అదరడం ఆగింది. ఆ అరచెయ్యి టపటపా నేలను కొట్టింది.

"ఏమే అండాలూ! ఏమైందే?"

"పోగు తెగిందమ్మా!" అని అత్త గొంతెత్తి జవాబు చెప్పింది, ఆ చెవుల్లోకి ఏ మాటా పోదని తెలిసి కూడా. ఒక్క పోగూ తెగలేదు. నాకు చాయ్ పెట్టడానికి లేచింది.

ఆ రాత్రి అవ్వ పడుకున్నాక, వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అత్తకు ఆ సినిమా చూపించాను. కింద వచ్చే అక్షరాలు నేను తెలుగులో చెప్తూ పోయాను. సిగ్గుపడాల్సిన చోట ఆమె సిగ్గుపడలేదు, ఆ చీలమండ సీను దగ్గర మాత్రం తన కాలిని చీర కిందికి లాక్కుంది. అయిపోయాక ఫోన్ నా చేతికిచ్చింది.

"ఇప్పినంక నిద్ర పట్టలే దానికి. గంతేనా?"

"గంతే అత్తా."

"పిచ్చిది పాపం" అంది. గ్లాసులు కడిగింది. బోర్లించింది. "నేను సినిమా ఇంటర్వెల్ కాడికి గూడ సూడలే, యాదికున్నదా? నల్గొండల ఇప్పుడేం ఆడుతుందో జర ఫోన్ల సూడు."

చూసి చెప్పాను. నేనూ వస్తానన్నాను. వద్దంది. "నువ్వొస్తే అమ్మకు అన్నమెవలు పెడతరు? నేను ఒక్కదాన్నే పోత." మర్నాడు ట్రంకు పెట్టెలోంచి తానే నేసుకున్న చీర తీసింది. అన్నేళ్లు అందరి కోసం నేసి, అందులో ఒక్కటి దాచుకుంది. కట్టుకొని, ముందు తలుపు నుంచే వెళ్లింది.

ఈసారి నేను ఫోన్‌లో ఏ చప్పుడూ పెట్టలేదు. అవ్వ ఎదురుగా కూర్చున్నాను. అరచెయ్యి నేల మీద ఆగి ఉంది. కాసేపటికి టపటపా కొట్టింది. "ఏమే అండాలూ! ఏమైందే?" నేను జవాబు చెప్పలేదు. మళ్లీ కొట్టింది. మళ్లీ పిలిచింది. నావైపు చూసి, "సప్పుడు అందుతలేదు బిడ్డా, మగ్గమాగిందా? అది దవాఖానకు గిట్ల పోయిందా?" అంది. ఆమె చెవి దగ్గరికి వంగి, ఉన్న బలమంతా పెట్టి అరిచాను. ఎంత గట్టిగా అంటే పక్కింటివాళ్లు కూడా విని ఉంటారు.

"సినిమాకు పోయింది!"

పెదాలు చూసి అర్థం చేసుకుంది. "ఎవనితోని?"

"ఒక్కతే!"

ఆ మాట ఆమెకు పట్టుబడలేదు. మగవాడి పేరు చెప్పి ఉంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలిసేది. ఒక్కతే పోవడమంటే ఏమిటో, దాన్ని ఎక్కడికి వెళ్లి వెనక్కి పిలవాలో ఆమెకు తెలియదు. కింద చెయ్యి తడుముతూనే ఉంది. నేను అన్నం పెట్టాను, పులుసు పోశాను, నీళ్లిచ్చాను. మందు వేశాను. కానీ ధైర్యం చెప్పే ఒక్క మాట కూడా చెప్పలేదు. గోడకు ఆనుకొని, ఫోన్ ఒళ్లో పెట్టుకొని, ఆ చెయ్యి నేలలో చప్పుడు కోసం వెతుక్కోవడాన్ని పొద్దు వాలేదాకా చూశాను. బాగుంది. దాచను, చాలా బాగుంది. గంజిలో మునిగిన నా ఫోన్‌కు, టాకీసులో నవ్విన ఆ నవ్వుకు, ఆడుకున్న పిల్లలకు, అన్నిటికీ కలిపి బాకీ తీరుతున్నట్టనిపించింది.

దీపాలు పెట్టే వేళకు అత్త వచ్చింది. గడప దగ్గర చెప్పులు విడిచింది. చీర నలగలేదు. చేతిలో టికెట్ ముక్క ఇంకా ఉంది. లోపలికి అడుగు పెట్టకముందే, చీకటి గదిలోకి చూసి గట్టిగా అంది.

"పోగు తెగిందమ్మా!"

ఆమె నవ్వుతోందా లేదా అని మొహంలోకి చూశాను, దీపం వెనక ఉండి కనబడలేదు. ఎగతాళికి అన్నదో, నోటికి పడ్డ అలవాటు కొద్దీ అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. మొదటిదైతే మేం గెలిచాం. రెండోదైతే గజ్జె ఆమె చర్మానికే కుట్టుకుపోయింది, ఆ సూదీదారం అందించింది అవ్వేనని నాకు తెలుసు. అందుకే అవ్వను క్షమించమని నాతో అనకండి. ఒక చెవిటి ముసలామెను ఒక మధ్యాహ్నమంతా జవాబు లేకుండా కూర్చోబెట్టడం పాపమని మీరంటారు, అనండి. కానీ ముందు మీ ఇంట్లో ఎవరి చప్పుడు ఆగితే ఎవరు కేకేసేవాళ్లో గుర్తు తెచ్చుకోండి. ఆ కేకకు జవాబు చెప్పిన ఆడమనిషి మొహం కళ్ల ముందు పెట్టుకొని, అప్పుడు కూడా నాది తప్పని అనగలరా?